కుప్పం జాన ఎంత?

మదనపల్లె బజారులో పటాలు కట్టే అంగళ్లు ఆ రోజుల్లో మూడుండేవి. మూడింటిలోనూ నా అంత బాగా అద్దం కోసేవాడు లేడు. వజ్రపు మొన ఆనించి ఒక్క గీత గీస్తే, అద్దం పాపిడి తీసినట్టు రెండుగా విడిపోయేది. చూడ్డానికి జనం గుంపులుగా నిలబడేవాళ్లు.

ఇంతవరకూ రాసి ఆగాను. మనసు ఒప్పుకోవడం లేదు. అంగడి ఒకటే ఉండేది. జనం నిలబడిన మాట నిజమే గానీ, మా అంగడి ముందే బస్సు ఆగేది, అందుకని నిలబడేవాళ్లు. పది అద్దాలు కోస్తే మూడు నా చేతిలో పగిలేవి. పగిలిన ముక్కలతో చిన్న పటాలు కట్టుకోవచ్చులే అని మా సాయిబు సర్దుకునేవాడు.

ఆల్జీబ్రాలో నాకు తొంభై ఎనిమిది మార్కులు వచ్చాయని మనవలకు చెబుతుంటాను. అందులో తొంభై నేను కలిపింది. మిగిలిన ఎనిమిది మాత్రం పరీక్ష దిద్దినవాళ్లు ఇచ్చిందే. ఆ ఎనిమిదితో ఎస్సెల్సీ గట్టెక్కలేక, ఇరవయ్యో ఏట సాయిబు అంగట్లో చేరాను. యుద్ధం నడుస్తున్న రోజులు. మా అంగడికి యుద్ధం వచ్చిందల్లా బద్దల రూపంలోనే. పటం చుట్టూ వేసే నగిషీ చెక్క బద్దలు బెంగుళూరు నుంచి రావాలి. అవి రావడం దాదాపు ఆగిపోయింది.

సాయిబుకు అరవై దాటాయి. ఉర్దూ చదివేవాడు, తెలుగు మాట్లాడేవాడే గానీ చదవలేడు. కొలతకు ఆయన దగ్గర ఉన్నది ఒక దారపు ఉండ. పటం చుట్టూ దారం తిప్పి, ఆపైన బద్ద వెడల్పుకు ఎనిమిదింతలు కలిపి, అంత బద్ద కోసేవాడు. ఎనిమిదే ఎందుకని నేనొకసారి అడిగాను.

"మా అబ్బా ఎనిమిదన్నాడు. ఆయనకు వాళ్లబ్బా ఎనిమిదన్నాడు. నీకు తొమ్మిది కావాల్నా?" అన్నాడు.

మళ్లీ అడగలేదు. అడగనివాడికి గరుకు కాగితం ఇచ్చి బద్దలు రుద్దమంటారని అప్పటికి తెలియదు. రెండేళ్లు రుద్దాను.

అప్పుడు వచ్చాడు వాడు. మిషను బడిలో చదివినవాడు. వాళ్లమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. నా ఈడువాడే. చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ మడత చెడకుండా ఉండేది. బద్దలు రుద్దినా చెక్క పొట్టు వాడి మీద పడేది కాదు, నా మీదే పడేది. ఆ పొట్టు కూడా వాడి పక్షమేనని నాకు అనుమానం. వచ్చిన వారానికే సాయిబు దారం తిప్పడం చూసి, చెవి మీది పెన్సిలు తీసి మొన నాలుకకు అద్దుకుని, పని బల్ల మీదే రాయడం మొదలుపెట్టాడు.

"సాయిబూ, నువ్వు సెప్పే ఎనిమిది సరైందే. పటం సిన్నదైనా పెద్దదైనా ఎనిమిదే," అన్నాడు.

నాకు సందు దొరికిందనుకున్నాను. "అదెట్లప్పా? అరచెయ్యంత పటానికీ తలుపంత పటానికీ ఒకటే కలిపితే సరిపోతుందా? పెద్దదానికి ఎక్కువ పట్టదా?"

"పట్టదప్పా. ఈడ సూడు. పొడుగు ఎక్స్ అనుకో, వెడల్పు వై అనుకో. ఒట్టి పటం చుట్టుకొలత రెండు ఎక్సులూ రెండు వైలూ. బద్ద వేసినామంటే ఒక్కో వైపు కొనకొక బద్ద వెడల్పంత పెరుగుతాది. అంటే వైపుకు రెండు బద్దలు. నాలుగు వైపులకు ఎన్ని?"

"ఎనిమిది," అన్నాడు సాయిబు, బడిపిల్లవాడిలా.

"ఎక్స్ ఎంతైనా, వై ఎంతైనా ఆ ఎనిమిదికి సంబంధం లేదు."

సాయిబు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఆ గీతల్ని చూశాడు. అందులో ఒక్క అక్షరం ఆయనకు రాదు. అయినా ఎంతసేపు చూశాడో. "మా అబ్బా సదువుకోలేదు. సదువుకున్నోళ్ల లెక్కే చేసినాడు, సూడు," అని నావైపు తిరిగి అన్నాడు. ఆ గొంతులోని తడి నాకు ఎక్కడ పొడవాలో అక్కడ పొడిచింది. రెండేళ్లలో నేను ఆయన్ని ఒక్కసారీ అట్లా సంతోషపెట్టలేదు.

మర్నాడు లోపలి పెట్టెలోంచి తోలుగూడు టేపు బయటికి వచ్చింది. అలాంటిదొకటి ఉందనే నాకు తెలియదు. అది వాడి చేతికి వెళ్లింది. వాడు 'మాస్టర్' అయ్యాడు, నేను 'ఏం రా' గానే ఉండిపోయాను. మధ్యాహ్నం సాయిబు ఇంటినుంచి వచ్చే టీ కూడా ముందు మాస్టరుకే. వాడి గ్లాసులో చక్కెర ఎక్కువని నేను ఒట్టేసి చెప్పగలను. వాడు బయటికి వెళ్లినప్పుడు అడుగున మిగిలిన చుక్క రుచి చూశాను. చక్కెర నా గ్లాసులో ఎంతో అందులోనూ అంతే. అయినా ఆ రోజంతా నాకు వాడి టీయే తియ్యగా అనిపించింది.

దాన్ని కడుపుమంట అంటారని తెలుసు. మంట అంటే ఒకసారి మండి ఆరేది. నాది అట్లా కాదు, కుంపటిలాంటిది. వాడు తుమ్మినా ఒక బొగ్గు పడేది.

ఇట్లా ఉండగా ఒక రోజు సాయిబు మోకాళ్లు పట్టుకుని, "పుంగనూరులో ఒక అంగడి మాట్లాడినా. రెండు ఊర్లు తిరగల్లంటే నా కాళ్లతో కాదు. మీ ఇద్దర్లో ఒకర్ని ఆడ కూసోబెడ్తా," అన్నాడు. ఎవర్నో చెప్పలేదు.

ఆ మాట విన్నప్పటినుంచీ నాకు పుంగనూరు తప్ప వేరే ఊరు లేదు. నా తాళంచెవి, నా బల్ల, నా గల్లాపెట్టె. నన్ను 'ఏం రా' అనేవాడు ముప్ఫై కిలోమీటర్ల లోపల ఉండడు. అన్నిటికంటే ముఖ్యం, వాడికి కాక నాకు వచ్చిందన్న మాట. అంగడి కావాలనుకున్నానా, వాడికి రాకూడదనుకున్నానా అని ఇప్పుడు అడిగితే, రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

సరిగ్గా ఆ వారమే కుప్పం నుంచి ఉత్తరం వచ్చింది. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేసి దిగిపోయిన ఆయన రాసింది. ఆయన భార్య గుడ్డ మీద రంగుదారాలతో కుట్టిన బొమ్మలు రెండున్నాయి, ఒకటి చిలకల జంట, ఒకటి నెమలి. వాటికి పటాలు కట్టాలి. గుడ్డలు నలుగుతాయని పంపరు. మేమే బద్దలు కోసుకుని అక్కడికి వెళ్లి బిగించాలి. వాళ్లింట్లో అంగుళాల బద్ద లేదు. అందుకని కొలతలు జానల్లో పంపారు. జానలు పోగా మిగిలిన దాన్ని అగ్గిపెట్టెతో కొలిచారు. చిలకల వెడల్పు రెండు జానలు, పొడుగు మూడు జానలా రెండు అగ్గిపెట్టెలు. నెమలి వెడల్పు జానా మూడు అగ్గిపెట్టెలు, పొడుగు మూడు జానలా మూడు అగ్గిపెట్టెలు.

ఉత్తరం చదివింది నేనే. నవ్వింది కూడా నేనే. వాడు నవ్వలేదు, పెన్సిలు తీశాడు.

"అగ్గిపెట్టె రెండంగుళాలు, అది తెలుసు. జాన ఎంతో తెల్దు. తెలీనిదాన్ని ఎక్స్ అనుకుందాం," అంటూ గీశాడు. చిలకలు ఒకవైపు రెండు ఎక్సులు, ఇంకోవైపు మూడు ఎక్సులూ నాలుగు. చుట్టూ తిరిగితే పది ఎక్సులూ ఎనిమిది. నెమలి ఒకవైపు ఎక్సూ ఆరు, ఇంకోవైపు మూడు ఎక్సులూ ఆరు. చుట్టూ తిరిగితే ఎనిమిది ఎక్సులూ ఇరవై నాలుగు.

"ఏది పెద్దది మాస్టర్?" అన్నాడు సాయిబు.

"అదే తమాషా సాయిబూ. జానను బట్టి ఉండాది. జాన ఎనిమిదంగుళాలైతే రెండూ సమానం. ఎనిమిది దాటితే చిలకలకే ఎక్కువ పడ్తాది. తగ్గితే నెమలికి."

మా దగ్గర మిగిలినవి ఎనిమిదడుగుల బద్దలు రెండే, ఒక్కోటి తొంభై ఆరు అంగుళాలు. బద్ద వెడల్పు అంగుళమున్నర, దాని ఎనిమిదింతలు పటానికొక అడుగు. జాన తొమ్మిదైతే రెండు పటాలకూ కలిపి రెండు వందల పద్ధెనిమిది అంగుళాలు కావాలి, ఉన్నది నూట తొంభై రెండు. అంటే ఒక్క పటమే కట్టగలం. ఏడైతే రెండూ కట్టొచ్చు. మగవాడి చెయ్యా, ఆడమనిషి చెయ్యా అని ఉత్తరంలో లేదు.

"ఎవరు కొలిసినారో వాళ్ల చెయ్యి కాయితం మీద పెట్టి గీసి పంపమని రాస్తా," అన్నాడు వాడు. సాయిబు తొడ చరిచాడు.

దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చుకుని కొలవమంటే సరిపోయేది కదా అని మీరనొచ్చు. ఆ మాట ఆ క్షణమే నాకు తోచింది. వాడి తెలివి వాడి మెడకే చుట్టుకోనీ అని కావాలనే నోరు మూసుకున్నాను.

లేదు. అదీ అబద్ధమే. నలభై ఏళ్ల తర్వాత ఒక రోజు స్నానం చేస్తుంటే తోచింది. ఆ రోజు మా ముగ్గురికీ తోచలేదు. ఎక్స్ మత్తు అలాంటిది.

కుప్పం జవాబు శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. సాయిబు నమాజుకు వెళ్లాడు, వాడు అన్నానికి వెళ్లాడు. కవరు విప్పితే మడిచిన కాగితం, దాని మీద పెన్సిలుతో గీసిన పెద్ద చెయ్యి. బొటనవేలి కొననుంచి చిటికెన వేలి కొనకు టేపు పెట్టాను. తొమ్మిదంగుళాలు. వెంట ఒక్క ముక్క రాత లేదు.

నా చేతిలో ఎక్స్ ఉంది. వాడి దగ్గర లేదు. జీవితంలో మొదటిసారి ఆల్జీబ్రా నాకు లొంగింది.

ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పెద్దమండ్యం వాళ్లకోసం కట్టి ఉంచిన వేంకటేశ్వరుడి పటం వెనక అట్టకూ బొమ్మకూ మధ్య దూర్చి మేకులు కొట్టేశాను. సాయంత్రమే వాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఆ ఇంటివాళ్లు ఇన్నేళ్లుగా స్వామితోపాటు ఒక రైల్వే గుమాస్తా చేతికి కూడా హారతి ఇస్తూ ఉండాలి.

నాలుగు రోజులు ఆగాను. జవాబు రాలేదేమని వాడు రోజూ అడుగుతున్నాడు. అయిదో రోజు నేను గొంతు సవరించుకుని, "సాయిబూ, ఆ జాన తొమ్మిదంగుళాలు," అన్నాను.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు వాడు.

"కుప్పం ఉత్తరంలో అక్షరాలు చూడు, ఎంత లావుగా ఉన్నాయో. ఆ అక్షరాలు రాసినోని చెయ్యి తొమ్మిదికి తగ్గదు. నీది పుస్తకం లెక్కప్పా. నాది మనిషి లెక్క."

"రాసినోడే కొలిసినాడని ఏముండాది?"

"ఉండాది. నేను కుప్పం పోయి కొలుచుకుని వస్తా. తొమ్మిది కాకపోతే పుంగనూరు అంగడి వీనికే ఇచ్చేయి సాయిబూ," అన్నాను.

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "పో. ఆడ స్టేషన్లో బెంగుళూరు బద్దలు ఏమన్నా దిగినాయేమో అదీ అడుగు. అంగడి మాట నేను సెప్పల్ల, నువ్వు కాదు."

బొగ్గుల బస్సులో బయలుదేరాను. పెట్రోలు దొరకని కాలం, బస్సు వెనక బొగ్గుల పొయ్యి మండుతుండేది. పలమనేరు దగ్గర ఎత్తు ఎక్కలేక ఆగితే, ఆ బస్సును నేనొక్కణ్ణే తోశాను. ఒక్కణ్ణే అంటే, ఇరవై మంది తోస్తుంటే నేనూ చేతులు ఆనించాను. పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరేసరికి ముఖం మసిబొగ్గు. స్టేషన్లో బద్దలు దిగలేదు.

ఇల్లు సులువుగానే దొరికింది. పెద్దాయన బలమైన మనిషి, ఎదురొచ్చి చెయ్యి చాపి కూర్చోమన్నాడు. ఆ చెయ్యి చూడగానే గుర్తుపట్టాను. తొమ్మిదికి తక్కువ కాదు. పుంగనూరు తాళంచెవి జేబులో పడ్డట్టే అనిపించింది.

"మేము పంపిన కాయితం సేరిందా అప్పా? సెయ్యి గీసి పంపితి," అన్నాడు.

లోపల్నుంచి ఆయన భార్య తెల్లగుడ్డ మూట పట్టుకుని వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. "ఎవరి సెయ్యి గీసి పంపితివి?" అంది.

"నాదే."

"కొలిసింది నేను గదా!"

"అయితే? నీ సెయ్యి గీసి, అంగట్లో మొగోళ్లు సూసేదానికి పంపమంటావా? ఇంటి ఆడమనిషి సెయ్యి పోస్టులో యాల పోవల్ల?"

"సరిపొయ్యింది. నొప్పులు నావి, కాన్పు నీదా?" అని ఆమె నావైపు తిరిగింది. "ఈయన సేతికి సూది ఇచ్చింటే కొలిసేదానికి గుడ్డే మిగిలేది కాదు నాయనా. ఇదో, ఈ సెయ్యి," అంటూ మూట విప్పి, చిలకల గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, వేళ్లు చాపింది. చిన్న చెయ్యి. వేలి కొనల మీద సూది గుచ్చిన నల్ల చుక్కలు.

నాకు టేపు తియ్యబుద్ధి కాలేదు. తీశాను. ఏడంగుళాలు.

గుడ్డల్నే నేరుగా కొలిచాను. చిలకలు పద్నాలుగు, ఇరవై అయిదు. నెమలి పదమూడు, ఇరవై ఏడు. గోడ పక్కకు తిరిగి వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. పది ఏడ్లు డెబ్భై, ఎనిమిది కలిపితే డెబ్భై ఎనిమిది. ఎనిమిది ఏడ్లు యాభై ఆరు, ఇరవై నాలుగు కలిపితే ఎనభై. కొలతలు కూడి రెట్టిస్తే అవీ అంతే. వాడు మదనపల్లెలో పని బల్ల మీద రాసింది, కుప్పంలో మూటగట్టి ఉన్న గుడ్డలకు అంగుళం తేడా లేకుండా అతికింది. వాడు ఈ ఇల్లు చూడలేదు, ఈ చెయ్యి చూడలేదు. నేను రెండూ చూసి, రెండు బస్సులెక్కి వచ్చి, తప్పుడు ఎక్స్ జేబులో పెట్టుకుని నిలబడ్డాను.

"రెండూ కడతారా నాయనా?" అందామె. "ఒకటే అయితే వద్దులే. కండ్లు బాగున్నప్పుడు కుట్టినవి. రెండూ ఒక గోడకు ఉండల్లని ఆశ."

రెండూ అవుతాయి. ఒక్కో బద్దకు ఒక్కో పటం. ఆ మాట చెబితే అంగడి పోతుంది.

"చూస్తామమ్మా," అన్నాను. పెద్దాయన నేను కొలిచిన అంగుళాలన్నీ రాసుకుని, సాయిబుకు ఇంకో ఉత్తరం రాసి, నా చేతికే ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో పుంగనూరులో బొగ్గులు నింపడానికి బస్సు గంట ఆగింది. సాయిబు మాట్లాడిన అంగడి వెతుక్కుంటూ వెళ్లాను. తలుపుకు తాళం వేసి ఉంది. మెట్టు మీద కూర్చుని ఉత్తరం విప్పాను. మొదటి వరసలో క్షేమం. రెండో వరసలో, 'ఇంతకు మునుపు పోస్టులో పంపిన చెయ్యి నాది, కొలిచింది నా భార్య, పొరపాటుకు మన్నించాలి.' ఆ తర్వాత కొలతలు. చించేద్దామనుకున్నాను. కుప్పంలో జాన తొమ్మిదేనని, ఒక్క పటమే అవుతుందని చెప్పేద్దామనుకున్నాను. మెట్టు మీద కూర్చున్నంతసేపూ అదే అనుకున్నాను. ఆ తర్వాత ఆ నల్ల చుక్కలు గుర్తొచ్చి మనసు మార్చుకున్నానని రాస్తే బాగుంటుంది. గుర్తొచ్చిన మాట నిజమే. కానీ ఒక్కదానికే కొలత పెట్టి బద్ద కోశాక, బిగించడానికి వాడు కుప్పం వెళ్లి రెండో గుడ్డ చూస్తే నా గతేమిటన్న భయం కూడా అంతే నిజం. రెండిట్లో ఏది పెద్దదో తేల్చే లెక్క నాకు రాదు.

అంగడి ముందు దిగగానే సాయిబు, "సదువు," అన్నాడు. వాడు ఎదురుగా కూర్చున్నాడు. క్షేమం చదివాను. రెండో వరస మీద వేలు పెట్టి దాటించి, కొలతలు చదివాను.

"పద్నాలుగూ ఇరవై అయిదూ, పదమూడూ ఇరవై ఏడూ!" వాడు ఎగిరి లేచాడు. "ఎక్స్ ఏడు! చిలకలు డెబ్భై ఎనిమిది, నెమలి ఎనభై. మూలలకు పన్నెండు కలుపు. తొంభై, తొంభై రెండు. బద్దకొకటి సాయిబూ! రెండూ అవుతాయి!" అని నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. "భలే కొలుసుకొని వస్తివప్పా!"

వాడి ముఖంలో గెలిచినవాడి నవ్వు కోసం వెతికాను. ఒక్క చురక వేస్తే చాలు, వాడు కూడా నాలాంటివాడే అని కుదుటపడేవాణ్ణి. లేదు. లెక్క కుదిరిందని సంతోషం, అంతే. అందులో నేను ఓడిన సంగతికి చోటే లేదు. వీడు వచ్చినప్పటినుంచీ నేను వీడితో పోటీ పడుతున్నాను, వీడికి ఆ సంగతే తెలియదు.

సాయిబు మరిచిపోలేదు. "తొమ్మిదని పందెం కాసినావు గదరా?"

"పందెం యాడిది సాయిబూ, మాట వరసకన్నాడు," అన్నాడు వాడు. నన్ను కాపాడాడు. ఆ మాటకంటే నన్ను సాయిబు తిట్టి ఉంటే బాగుండేది.

బద్దలు కోసుకుని కుప్పం వెళ్లి పటాలు బిగించింది వాడే. తిరిగొస్తూ ఆమె ఇచ్చిన మురుకుల పొట్లం తెచ్చాడు. నాకు ఇవ్వలేదు కదా ఆమె, వాడికిచ్చింది. వాడు నాకు సగం పెట్టాడు, తిన్నాను, బాగున్నాయి. దాని మీద కూడా కోపం వచ్చింది.

పది రోజుల తర్వాత సాయిబు తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టాడు. "పుంగనూరుకు నువ్వే పో," అన్నాడు.

నాకే ఎందుకిచ్చాడని అడిగితే ఇంట్లో ఒక కథ చెప్పాను. పందెం ఓడినా దాచకుండా నిజం చెప్పిన నా నిజాయితీకి సాయిబు మెచ్చి ఇచ్చాడని. మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కథను పెళ్లిచూపుల్లో చెప్పారు, నా పిల్లలకు చెప్పారు, నేను కూడా నమ్మేవరకూ చెప్పాను. జరిగింది వేరు.

వెళ్లే రోజు నా సామాను సర్దుకుంటున్నాను. వాడు నాకోసం జిగురు డబ్బాలు కట్టి పెడుతున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. "చూస్తివా అప్పా, ఆల్జీబ్రాతో అంగడి రాదు," అన్నాను.

వాడు తాడు ముడి వేయడం ఆపలేదు. "నేనే అడిగినా సాయిబును, నిన్ను పంపమని."

"నువ్వా? యాల?"

"ఆ రోజు ఉత్తరం మడిసిపెట్టేటప్పుడు సూసినా. రెండో వరస సదవకుండా దాటేస్తివి. సెయ్యి గీసిన కాయితం నీకు అందింది గదా?"

"సాయిబుకు చెప్పినావా?"

"లేదు. సెప్పింటే నిన్ను ఇంటికి తోలేసేవాడు. మీయమ్మ బాధపడ్తాదని ఊరికుంటి." ఇప్పుడు తలెత్తి చూశాడు. కోపం లేదు, అలసట ఉంది. "పొద్దస్తమానం నా సేతులకల్లే సూస్తాంటావప్పా. పెన్సిలు పట్టుకుంటే సూస్తావు. టీ తాగితే గ్లాసులోకి సూస్తావు. నీ పక్కన కూసోని పని సేసేది నాతో కాదు. నువ్వు పుంగనూరులో ఉంటే నాకు నిమ్మళం."

"నీకొద్దా ఆ అంగడి?"

"నాకు ఈడే బాగుండాది," అన్నాడు. "సాయిబుకూ నేను ఈడ ఉండేదే కావల్ల."

క్షమించమని అడగాల్సింది. జిగురు డబ్బాలు తీసుకున్నాను. తాళంచెవి మొలలో దోపుకున్నాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అక్కణ్ణుంచి అంగడి లోపలిదాకా కనిపిస్తుంది. సాయిబు ఏదో పటం చేతిలో పట్టుకుని వాడి పక్కన కూర్చున్నాడు, వాడు పెన్సిలు మొన నాలుకకు అద్దుకున్నాడు. నేను రాత్రింబగళ్లు కోరుకున్నది నా మొలలో ఉంది. నా కళ్లు మాత్రం వాడి చేతుల మీదే ఉన్నాయి. ఒక్కసారి తలెత్తి చూస్తాడేమోనని బస్సు మలుపు తిరిగేదాకా మెడ తిప్పుకునే కూర్చున్నాను. ఎత్తలేదు.